చేతులు ఒళ్ళో పెట్టుకునే చదువు

పుష్పవల్లికి దిగులు పడడం ఒకరు నేర్పనక్కరలేదు. వాన పడితే ఆరేసిన బట్టల దిగులు, పడకపోతే నీళ్ళ దిగులు. మొగుడు మునుసామి రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగూటి నుంచి వేళకి రాకపోతే ఒక దిగులు, వేళ కంటే ముందే వస్తే పని ఊడిందేమోనని ఇంకో దిగులు. అత్త రాసమ్మ ఈ సంగతి ఆ మలయా రబ్బరు తోటలోని కూలీల వరుస ఇళ్ళన్నిటికీ చాటేది.

"మా కోడలికి ఏ దిగులూ లేని రోజు ఒకటుంది. ఆ రోజు, ఇయ్యాల దిగులేటి లేదేటని దిగులు."

అయితే ఆ ఏడు పుష్పవల్లి పడిన దిగులు మాత్రం ఉత్తది కాదు. అది కొడుకు కన్నబాబు గురించి. వాడికి ఆరేళ్ళు. ఇంట్లో వాడి నోరు మూతపడదు. కోడిపెట్టతో మాట్లాడతాడు, చీపురుతో మాట్లాడతాడు, ఎవరూ దొరక్కపోతే తన కాలి బొటనవేలిని తిడతాడు. గడప దాటాడా, ఇంక అంతే. కొత్తవాళ్ళు ఎవరు ఏమడిగినా పెదవి విప్పడు.

పోయిన జనవరిలో తోట బడికి తీసుకెళ్తే మణియం మేష్టరు పేరడిగాడు. చెప్పలేదు. తండ్రి పేరడిగాడు. చెప్పలేదు. పలక చూపించి ఇదేమిటిరా అంటే, వాడు పలక కేసి చూశాడు, మేష్టరు కేసి చూశాడు, తల్లి కొంగులో దూరాడు. మణియం మేష్టరు చెడ్డవాడేం కాదు. ఒక్క గదిలో అన్ని తరగతులూ ఆయనే చెప్పుకోవాలి, పలకని పిల్లవాణ్ణి ఏం చేసుకుంటాడు? "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చే ఏడు రానే వస్తోంది. మళ్ళీ వెళ్ళి అడిగితే ఈసారి ఇంకో మాట అన్నాడు.

"కోలాలంపూర్ ఆస్పత్రి నుంచి ఒకామె రాబోతోందమ్మా, పిల్లల బుద్ధి చూసే ఆమె. ఆమె చూసి సరేనంటే మీవాణ్ణి చేర్చుకుంటాను. కాదంటే మాత్రం నన్ను అడగొద్దు."

ఆ రోజు నుంచి పుష్పవల్లికి తిన్నది ఒంటబట్టలేదు. ఎందుకంటే ఆమె చదువు మూడో తరగతితో ఆగిపోయింది. యుద్ధంలో జపాను వాళ్ళు వచ్చి బడి గదిలో వంట చేసుకున్నారు, పిల్లలు బయట పెండలం నాటుకున్నారు. వాళ్ళు పోయి బడి తెరిచేసరికి, "ఇంత ఎదిగిన గుంటకి ఇంకా బడేటి" అని ఇంట్లోవాళ్ళు కలుపు తీసే పనిలో పెట్టేశారు. 'నా బడి జపానోడు తినేసినాడు. నా కొడుకు బడి ఎవుడు తింటాడో' అని ఆమె భయం.

మేష్టరు చెప్పిన ఆమె, తోటవాళ్ళ మాటలో ఆటల డాక్టరమ్మ, తోట వ్యానులో దిగింది. డాక్టరమ్మ అని పిలిచింది తోటవాళ్ళే, ఆమె అలా చెప్పుకోలేదు. బటాంగ్ బెర్జుంటై చుట్టుపక్కల తోటలన్నిటిలాగే వాళ్ళ తోటకీ అప్పట్లో ముళ్ళకంచె ఉండేది. కూలీల ఇళ్ళ చుట్టూ కంచె, దానికి ఒకటే గేటు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి బియ్యం చేరకూడదని, బయటికి పోయే ప్రతివాళ్ళనీ గేటు పోలీసు ఆపేవాడు. గుర్తింపు కార్డు చూపించాలి. "బుకా!" అంటే టిఫిను డబ్బా మూత తెరవాలి. అంతా బాగుంటే "జలాన్!" అని చెయ్యి ఊపేవాడు, అంటే పొమ్మని. సాయంత్రం ఆరైతే గేటు మూత. అలాంటి గేటులోంచి, రేకు పెట్టె ఒకటి పట్టుకుని, కాటన్ చీర కట్టుకున్న ఒక సన్నటి మనిషి లోపలికి వచ్చి, కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళని చూసి నవ్వింది.

ముందు పరీక్ష చేసింది ఆమె కాదు, రాసమ్మ.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"తెలుక్ ఆన్సన్ అమ్మమ్మా. పేరు జయమణి. మా నాన్న అక్కడి తోటలో కిరాణీ, ఆఫీసు లెక్కలు రాస్తాడు."

"తెలుగోళ్ళేనా?"

"నాన్న తెలుగు, అమ్మ తమిళం. ఇంట్లో అమ్మ గెలిచింది లా. నా తెలుగు విని నవ్వకండి." మాట చివర 'లా' తగిలించడం ఆ దేశంలో అందరి అలవాటే.

"నవ్వుతాం లే, నవ్వితే ఏటవుద్ది? ఎంత సదివినావు?"

"చాలా అయింది. జపాను వాళ్ళు పోయాక మళ్ళీ బడికి పోయేసరికి నాకు పదహారేళ్ళు. పన్నెండేళ్ళ పిల్లల పక్కన కూచున్నాను, వాళ్ళు నన్ను ఆంటీ అని ఏడిపించేవాళ్ళు. తర్వాత టీచరు ట్రైనింగు. తర్వాత మద్రాసులో డిగ్రీ, మనసు ఎలా నడుస్తుందో చెప్పే చదువు. తర్వాత స్కాలర్‌షిప్ వస్తే ఓడెక్కి సీమకి, ఇంగ్లండుకి పోయినాను. పిల్లల మనసూ, ఇంటి మనుషుల మనసూ చూసే పని అక్కడ నేర్పినారు."

"ఇంత సదివి తెచ్చిన పెట్టిలో ఏటుంది? సూదులేటి?"

సూది మాట వినగానే పిల్లలంతా తల్లుల వెనక్కి పోయారు. జయమణి పెట్టె మూత తీసింది. చెక్క దిమ్మలు, గుడ్డ బొమ్మలు, ఒక చిన్న కారు, వేలెడంత పొయ్యి, బొమ్మల అట్టలు కొన్ని.

రాసమ్మ రెండు చేతులూ బుగ్గలకి కొట్టుకుంది. "ఓలమ్మో! గుంటలతో ఆడుకోడానికి ఓడెక్కి సీమ ఎల్లినావా? మా మనవడు ఇక్కడే ఉత్తినే నేర్పేసేవోడు కదే!"

కుళాయి దగ్గర అందరూ విరగబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ జయమణే నవ్వింది. "ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు అమ్మమ్మా. వచ్చే వారం మా పెద్ద డాక్టరుగారు వస్తారు. నేను పిల్లలతో ఎలా పని చేస్తున్నానో చూసి సంతకం పెడితేనే ఆస్పత్రిలో ఉద్యోగం. లేదా, మళ్ళీ ఒక ఏడు."

"అయితే నీకూ పరీక్షేనా!"

ఈ మాటలన్నిటిలోనూ పుష్పవల్లి చెవిన పడింది ఒకటే మాట. పరీక్ష.

తల్లులు పనికి పోయినప్పుడు పసిపిల్లల్ని ఉంచే కొట్టంలో జయమణి చాప పరిచింది. మొదటిరోజు లోపలికి వెళ్ళింది పక్కింటి పాపాత్తి కూతురు మీనాచ్చి ఒక్కతే. ఆ పిల్ల బయటికి వచ్చేసరికి పుష్పవల్లి వేడి వేడి అరటికాయ బజ్జీలు ఆకులో పెట్టుకుని దారిలో కాచుకుని ఉంది.

"తిను తల్లీ తిను. లోపల ఏటడిగింది?"

"బొమ్మలు చూపించింది పిన్నీ. బొమ్మలో ఏది లేదో చెప్పాలి."

"ఏయే బొమ్మలు? వరస తప్పకుండా సెప్పు. ఇంకోటి తిను."

మీనాచ్చి నములుతూ చెప్పింది. గొడుక్కి కర్ర లేదు. ఆవుకి తోక లేదు. ఇంటికి తలుపు లేదు. మనిషికి ఒక చెవి లేదు. తర్వాత ఏదో గోడలో పొయ్యి ఉంది, అదేమిటో తనకీ తెలియలేదంది.

పుష్పవల్లి ఇంటి వెనక సిమెంటు మీద బొగ్గుతో ఆ బొమ్మలన్నీ గీసింది. కన్నబాబుని కూర్చోబెట్టింది. ఊరికే చెప్పించలేదు, దంపుడు పాటలాగా దరువు వేసి చెప్పించింది. సీమ ఇళ్ళలో చలి కాచుకోడానికి గోడలో పొయ్యి ఉంటుందని ఆమెకీ తెలియదు గానీ, పొయ్యి అన్నాక పొగ ఉండాలి కదా అని "పొగ లేదు" అని తేల్చేసింది. వాడు కోడిపెట్టకి కూడా అప్పజెప్పాడు.

ఈ దరువు విని పాపాత్తి వచ్చింది. "మా చిన్నోడికీ సెప్పవే, నీకు పున్నెముంటాది." ఆమె వెనక ఇంకో తల్లి వచ్చింది. పొద్దు గుంకేలోగా కుళాయి పక్కన పిల్లలు బారుగా నిలబడ్డారు.

"ఒకటో బొమ్మ?"

"గొడుక్కి కర్ర లేదూ!"

"రెండోది?"

"ఆవుకి తోక లేదూ!"

"ఒలే, బెత్తం లేకండా ఎంత గొంతు లేపినావే" అని పాపాత్తి మెచ్చుకుంది. ఇందులో తప్పుందని పుష్పవల్లికి కలలో కూడా తోచలేదు. పరీక్షకి చదివించకపోతే తప్పు గాని, చదివిస్తే తప్పేమిటి?

రెండోరోజు జయమణి ఒక పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అట్ట ఇంకా పెట్టెలోంచి తీయకముందే వాడు "గొడుక్కి కర్ర లేదు" అన్నాడు. రెండోవాడూ అంతే. మూడో పిల్ల అయితే ఆపమన్నా ఆగకుండా అన్ని బొమ్మలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, "నాను పోవచ్చా?" అని లేచింది. జయమణి కొంచెంసేపు గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అట్టల్ని పేకముక్కల్లా కలిపి, పాపాత్తి చిన్నకొడుకు ముందు ఆవు బొమ్మ పెట్టింది.

"ఈ ఆవుకి ఏది లేదు నాన్నా?"

"గొడుగు కర్ర!" అన్నాడు వాడు ధైర్యంగా.

"ఈ మనిషికి?"

"తోక!"

కిటికీ కింద వింటున్న తల్లులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాతి వంతు కన్నబాబుది.

వాడు లోపలికి వెళ్ళాడు, చాప అంచున కూర్చున్నాడు. జయమణి వాడి పేరు అడగలేదు, అట్ట మాత్రం ముందు పెట్టింది. ఇంటి బొమ్మ. కన్నబాబు దాన్ని చూశాడు. ఆమెని చూశాడు. కిటికీ దగ్గర తల్లిని చూశాడు. పుష్పవల్లి చేతులతో గాలిలో తలుపు తీసింది, వేసింది, గడియ పెట్టింది. వాడు పెదవి విప్పలేదు. ఇంక ఆమె నిలవలేక లోపలికి వచ్చి పడింది.

"వాడికన్నీ వచ్చు డాక్టరమ్మా! రాత్రి కోడికి కూడా సెప్పినాడు! నానే నేర్పినాను, అందరికీ నానే నేర్పినాను, ఈడికి అందరికంటే బాగా వచ్చు!"

జయమణి నవ్వుతుందని పుష్పవల్లి అనుకుంది, కానీ ఆమె నవ్వలేదు. మెల్లగా అట్టలు సర్దింది.

"ఇది బడి పరీక్ష కాదు పుష్పవల్లీ. జ్వరం చూసే గొట్టం లాంటిది. నువ్వు దాన్ని ముందే చన్నీళ్ళలో ముంచేశావు. ఇప్పుడు ఎవరికి జ్వరమో, ఎవరికి కాదో నాకెలా తెలుస్తుంది? వచ్చే వారం పెద్ద డాక్టరుగారికి ఏం చూపించను?"

కొడుకు బడి పోయింది, ఇప్పుడు ఈవిడ ఉద్యోగం కూడా తన చేతుల మీదుగానే పోయేలా ఉంది. అంత మంచి దిగులు పుష్పవల్లికి జన్మలో దొరకలేదు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. దారిలో చెట్టు కూలి వ్యాను రాలేదు. ఆరైంది, గేటు మూశారు. జయమణి రేకు పెట్టె చంకలో పెట్టుకుని కొట్టం వరండాలో నిలబడితే రాసమ్మ గొడుగేసుకుని వచ్చింది.

"రా బిడ్డా. సెడగొట్టింది నా కోడలు, అన్నం ఎట్టేది నాను. ఈ గొడుక్కి కర్ర ఉంది, బయపడకు."

ఈసారి జయమణికి నవ్వాగలేదు.

అన్నాలు కాకముందు, వంటింట్లో ఎండుచేప వేగుతుంటే, ఆమె పెట్టె మూత తీసి ఒక మూల పెట్టింది. ఎవరినీ రమ్మనలేదు. తను కాస్త దూరంలో నేల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కన్నబాబు తలుపు వెనక నుంచి చూశాడు. ఒక అడుగు వేశాడు. ఇంకొకటి. చెక్క దిమ్మలు తీసి వరసగా పేర్చడం మొదలుపెట్టాడు. కంచె. మధ్యలో ఒక సందు వదిలాడు. గేటు. గుడ్డ బొమ్మ ఒకదాన్ని అక్కడ నిలబెట్టాడు.

"బుకా!" అన్నాడు బొమ్మ గొంతుతో.

పుష్పవల్లి చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. పరాయి మనిషి ఇంట్లో ఉండగా వాడు నోరు తెరవడం అదే మొదలు. "అమ్మగారితో సరిగా మాటాడరా" అనబోతూ ముందుకి వచ్చింది. జయమణి వెనక్కి తిరక్కుండానే ఆమె మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టింది. చెవిలో గుసగుసగా చెప్పింది. "చేతులు ఒళ్ళో పెట్టుకో. ఏమీ అడక్కు, ఏమీ నేర్పకు. చూడు, అంతే. నన్ను సీమలో ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి నేర్పింది ఇదొక్కటే, అన్నిటికంటే కష్టం."

నిజంగానే కష్టం. వాడు కంచె వంకరగా పెడితే సరిచేయాలని పుష్పవల్లి వేళ్ళు దురద పెట్టాయి. బొమ్మ పడిపోతే లేపాలని భుజం లేచింది. ఒక చేత్తో ఇంకో చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కన్నబాబు గేటు దగ్గర తండ్రి బొమ్మని ఆపాడు, నాన్నమ్మ బొమ్మని ఆపాడు. నాన్నమ్మ బొమ్మ పోలీసుని తిట్టింది. "నా డబ్బాలో ఏటుంటాదిరా, పచ్చడి తప్ప!" అచ్చం రాసమ్మ గొంతే. వంటింట్లో రాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అందర్నీ పంపేశాక వాడు తలెత్తి జయమణిని చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి చాపాడు.

"కార్డు?"

జయమణి చేతిసంచీలోంచి తన అసలు కార్డే తీసి ఇచ్చింది. వాడు దాన్ని తలకిందులుగా పట్టుకుని, ఫొటో చూసి, మనిషిని చూసి, మళ్ళీ ఫొటో చూశాడు.

"పేరేటి?"

"జయమణి."

"సంచీలో బియ్యమున్నాయేటి?"

"లేవండీ."

"జలాన్!" అని చెయ్యి ఊపాడు.

పుష్పవల్లికి కళ్ళ నీళ్ళు వచ్చాయి, చేతులు మాత్రం ఒళ్ళోంచి తియ్యలేదు.

అన్నం తింటూ జయమణి చెప్పింది. "మీవాడికి బుద్ధి తక్కువ కాదు లా, ఎక్కువే. గేటు దగ్గర, బడి దగ్గర, చివరికి నా దగ్గర, ఎక్కడికి పోయినా పెద్దవాళ్ళు అడగడం, వాడు చెప్పడం. ఆ అడగడమంటేనే వాడికి బెదురు. వాడికీ అడిగే వంతు ఇవ్వాలి. అట్టలు చెప్పలేని సంగతి ఇది. మీరు అట్టలు చెడగొట్టబట్టే నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను."

"అయితే నా కోడలు సేసింది మంచి పనేనంటావా?" అంది రాసమ్మ.

"అంత దూరం పోకండి అమ్మమ్మా. ఇంకోసారి చేస్తే నేనే బెత్తం తెస్తాను."

వారం తిరిగాక పెద్ద డాక్టరుగారు కారులో వచ్చారు. నెరిసిన జుట్టు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. జయమణి ముందుగా అట్టల కథ దాచకుండా చెప్పేసింది. ఆయన కనుబొమలు ఒకసారి పైకి లేచాయి. కొట్టం గుమ్మంలో అప్పటికే దిమ్మల గేటు సిద్ధంగా ఉంది. గేటు దగ్గర కన్నబాబు ఉన్నాడు. ఆయన లోపలికి అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్డు?"

డాక్టరుగారు జేబులు తడుముకున్నారు. కార్డు కారులో కోటు జేబులో ఉండిపోయింది. నవ్వి, వాడి తల నిమిరి లోపలికి పోబోయారు. కన్నబాబు కదల్లేదు. పుష్పవల్లి కొడుకు చెవి మెలిపెట్టడానికి లేచి, జయమణిని చూసి, మళ్ళీ కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెద్ద డాక్టరుగారు ఎండలో కారు దాకా నడిచి వెళ్ళి కార్డు తెచ్చారు. వాడు చూశాడు.

"జలాన్!"

లోపలికి వచ్చాక ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నారు. జయమణి మొహం చూస్తే సంతకం పడిందని అందరికీ తెలిసిపోయింది.

జనవరిలో బడి తెరిచారు. జయమణి చెప్పినట్టే మణియం మేష్టరు, సణుక్కుంటూనే, మొదటి వారం కన్నబాబుని ఏమీ అడగలేదు. తలుపు దగ్గర నిలబెట్టి వచ్చినవాళ్ళ పేర్లు అడగమన్నాడు. వాడు ప్రతి ఒక్కరినీ ఆపి పేరడిగి లోపలికి పంపేవాడు. వారం చివర ఎవరో పిల్ల "మరి నీ పేరేటి?" అని ఎదురడిగితే, ఆలోచించకుండా "కన్నబాబు" అనేశాడు. అన్న తర్వాత తనే తుళ్ళిపడ్డాడట. ఆ పేరు ఆ రోజే మేష్టరు రిజిస్టరులో ఎక్కింది.

ఆగస్టులో మెర్డేకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చింది. తోట మైదానంలో జెండా ఎగరేసి అందరూ "మెర్డేకా!" అని అరిచారు. అందరూ ఆపేశాక కూడా ఒక గొంతు ఆగలేదు. అది ఎవరిదో చెప్పనక్కరలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి గేటు ఎత్తేశారు. తోటంతా పండగ చేసుకుంటే, తన ఆట పాడైందని ఏడ్చినవాడు ఒక్కడే.

జయమణి నెలకొకసారి క్లాంగు టవును ఆస్పత్రిలో పిల్లల్ని చూడడానికి వచ్చేది. వచ్చినప్పుడల్లా తోటకీ వచ్చేది. ఈ మధ్యలో పుష్పవల్లికి ఆమె డాక్టరమ్మ నుంచి అప్ప, అంటే అక్క, అయింది.

"పుష్పా, క్లాంగు ఆస్పత్రి ఆటల గదిలో నాకొక మనిషి కావాలి. తెలుగు, తమిళం, మలాయి మూడూ రావాలి, పిల్లలు బెదరకుండా చూసుకోవాలి, చేతులు ఒళ్ళో పెట్టుకోవడం తెలియాలి. పని నేను నేర్పుతాను. కానీ ఆరో తరగతి పాసవ్వాలి లా, ఆస్పత్రి వాళ్ళ రూలు."

"అప్పా, నాకు ఇరవై నాలుగేళ్ళు! ఈ వయసులో బడేటి?"

"నన్ను ఆంటీ అని ఏడిపించినారు. నిన్ను అమ్మమ్మా అంటారు. అంతే తేడా."

పుష్పవల్లి మూడు రోజులు దిగులు పడింది. మునుసామి చెప్పాల్సిన మాట రాసమ్మే చెప్పింది. "ఎల్లు. ఇంట్లో కూకుని దిగులు పడేకంటే బడిలో కూకుని పడు."

పెద్దవాళ్ళకి సాయంత్రం బడి అదే గదిలో, అవే పొట్టి బల్లల మీద మొదలైంది. టవును నుంచి కొత్త మేష్టరు వచ్చాడు, మీసం ఇంకా సరిగా రాని కుర్రాడు. రిజిస్టరు తెరిచి పుష్పవల్లి కేసి చూశాడు.

"మీ పేరేమిటమ్మా?"

ఆమె నోరు తెరుచుకోలేదు. పేరు తెలియక కాదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, అంతే. చూపు కిటికీ వైపు తిరిగింది. అక్కడ కన్నబాబు కడ్డీలు పట్టుకుని వేలాడుతూ, గాలిలో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తూ, పెదవులతో 'పు' చూపిస్తున్నాడు. వెనక నుంచి రాసమ్మ వాడి చేతులు రెండూ పట్టి కిందకి దించింది.

"సేతులు కిందెట్టరా గుంటడా. అదే సెప్తాది."

పుష్పవల్లికి నవ్వొచ్చింది. నవ్వుతో బాటు నాలుకా కదిలింది.

"ముందు మీ పేరు సెప్పండి మేష్టరూ" అంది.

కుర్రాడు తడబడ్డాడు. "అరుముగం... అరుముగమండీ."

"నా పేరు పుష్పవల్లి. రాసుకోండి."

కిటికీలోంచి ఒక చిన్న చెయ్యి పైకి లేచింది.

"జలాన్!"